ప్రొఫెసర్ సిఫారసు లేఖ నిరాకరిస్తే?

ప్రశ్న: ఇజ్రాయెల్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి దరఖాస్తు చేస్తున్నాను. ఆ దేశపు విద్యాసంస్థలను బహిష్కరిస్తున్నానంటూ మా ప్రొఫెసర్ సిఫారసు లేఖ ఇవ్వనన్నారు. అక్కడ చదివితే తరువాత ఇతర దేశాలలో అవకాశాలు తగ్గుతాయా?

జవాబు: మీ ప్రొఫెసర్ గారి వేదనను తేలికగా తీసుకోకండి. గాజాలోని విశ్వవిద్యాలయాలన్నీ యుద్ధంలో ధ్వంసమయ్యాయి లేదా తీవ్రంగా దెబ్బతిన్నాయి. అక్కడి విద్యార్థులు కోల్పోయిన చదువు కూడా అకడమిక్ స్వేచ్ఛకు సంబంధించినదే. అయితే తన నిర్ణయపు భారాన్ని ఆయన మీ చదువుపై మోపడం మాత్రం సరికాదని నా అభిప్రాయం, ఎందుకంటే సిఫారసు లేఖ మీ ప్రతిభ గురించి చెప్పేదే తప్ప మీరు వెళ్లే దేశాన్ని సమర్థించేది కాదు. 2018లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకుడు ఇదే కారణంతో లేఖ నిరాకరించగా, యాజమాన్యం ఆయనకు ఆ ఏడాది జీతం పెంపును, తరువాతి సబాటికల్ (పరిశోధన కోసం ఇచ్చే దీర్ఘకాలిక) సెలవును నిలిపివేసింది.

2004లో మొదలైన పాలస్తీనా బహిష్కరణ ఉద్యమం తన లక్ష్యం సంస్థలే గాని వ్యక్తులు కారని చెబుతుంది. ఆచరణలో ఆ గీత సులభంగా చెరిగిపోతుంది. ఆ ఉద్యమానికి ముందే, 2002లో బ్రిటన్‌లోని ఒక సంపాదకురాలు తన పత్రికల సంపాదక, సలహా మండళ్ల నుంచి ఇద్దరు ఇజ్రాయెలీ పండితులను తొలగించారు. వారిలో ఒకరు ఆ దేశంలోని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ శాఖకు అధ్యక్షత వహించిన మానవ హక్కుల కార్యకర్త. అమెరికా విశ్వవిద్యాలయ అధ్యాపకుల సంఘం 2006 నివేదికలో ఇటువంటి బహిష్కరణలను వ్యతిరేకించి, 2024 ఆగస్టులో వైఖరి మార్చుకుని, కొన్ని పరిస్థితులలో అవి సమంజసమే కావచ్చన్నది. కానీ పాల్గొనాలా వద్దా అన్నది అధ్యాపకులు, విద్యార్థులు ఎవరికి వారే తేల్చుకోవాలని కూడా స్పష్టంగా చెప్పింది. ఆ స్వేచ్ఛ మీకూ ఉంది. మనస్సాక్షి అంగీకరించక మీరే వెళ్లకూడదనుకుంటే అదీ అంతే గౌరవప్రదమైన నిర్ణయం.

వెళ్లాలనుకుంటే, మీ పని తెలిసిన మరో అధ్యాపకుడిని లేఖ అడగండి. ఎవరూ ఇవ్వకపోతే విభాగాధిపతికి రాతపూర్వకంగా తెలపండి. ఇక భవిష్యత్తు మాటకొస్తే, బెల్జియంలోని ఘెంట్ వంటి విశ్వవిద్యాలయాలు 2024లో ఇజ్రాయెల్ సంస్థలతో సంబంధాలు తెంచుకోవాలని నిర్ణయించాయి కనుక ఉమ్మడి ప్రాజెక్టులు, మార్పిడి కార్యక్రమాలు తగ్గే అవకాశం ఉంది. వ్యక్తిగత నియామకాలలో మాత్రం ప్రధానంగా చూసేది ప్రచురణలనే. కాబట్టి మీరు చేరబోయే ప్రయోగశాల పూర్వ విద్యార్థులు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో, ఏ దేశాలవారితో కలిసి పత్రాలు రాస్తున్నారో కాబోయే గైడ్‌నే అడిగి, ఆ తరువాతే అంగీకారం తెలపండి.