తెల్లచీర కింద చిలకపచ్చ షూ

జమ్మలమడుగు

ప్రియమైన మేనకోడలికి, ప్రభువు నామమున మీ అత్త దీవించి రాసేది.

మీ నాయన రాత్రి ఫోను చేశాడు. మే నెలలో జరగబోయే నీ పెళ్ళికి ధర్మవరం తెల్లపట్టు చీర కట్టుకుని, దాని కింద చిలకపచ్చ రంగు షూ వేసుకుంటానని నువ్వు పట్టుబట్టావనీ, ఇంట్లో ఎవరి మాటా వినడం లేదనీ, అత్త చెబితే వింటావనీ అన్నాడు. వాడు నన్ను కోరింది నిన్ను మాన్పించమని. ఆ పని నేను చేయను. ఆసుపత్రిలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ తెల్లచీర, తెల్లరవిక, వారం వారం సుద్దపూత పూసుకునే తెల్ల క్యాన్వాసు షూ తప్ప మరొకటి ఎరగని దాన్ని. మా ఇంటి ఆడపిల్ల పచ్చటి అడుగులు వేసుకుంటూ చర్చి నడవలో నడిచి వస్తానంటే లోలోపల సంతోషపడకుండా ఎట్లా ఉంటాను? అయితే భయమూ వేసింది. మీ నాయన భయం జనం ఏమంటారోనని. నా భయమేమో, షూకు వేసిన ఆ పచ్చరంగు వాటి మీదే ఉంటుందా, చీర మీదికి అంటుకుంటుందా అని.

జనం సంగతి ముందు తేల్చేస్తాను. పెళ్ళికూతురు తల నుంచి కాలి దాకా తెల్లగానే ఉండాలని బైబిలులో ఎక్కడా లేదు. ఇంగ్లండులో కూడా పూర్వం పెళ్ళికూతుళ్ళు తమకున్న వాటిలో మంచి రంగుబట్టలే ఎక్కువగా కట్టుకునేవారు. 1840లో విక్టోరియా రాణి తన పెళ్ళికి తెల్ల శాటిన్ గౌను వేసుకున్న తరువాతే ఆ తెలుపుకు అంత పేరు వచ్చింది, మిషన్ దొరసానుల వెంట మన దాకా నడిచి వచ్చింది. నీలం రంగు వేసుకొమ్మని నీ స్నేహితురాలు చెప్పిందట. అది కూడా ఇంగ్లీషువాళ్ళదే: పాతది ఒకటి, కొత్తది ఒకటి, అరువుది ఒకటి, నీలంది ఒకటి పెళ్ళికూతురి ఒంటి మీద ఉండాలనీ, చెప్పులో ఆరు పెన్నీల వెండి నాణెం పెట్టుకోవాలనీ వాళ్ళకొక ఆచారం ఉంది. చెప్పులో నాణెం పెట్టుకుని నడిస్తే పాదానికి బొబ్బ తప్ప మరేమీ రాదని నర్సుగా చెబుతున్నాను. ఇక పరమగీతము ఏడవ అధ్యాయం తెరిచి మీ నాయనకు చూపించు; అక్కడ రాజకుమార్తె అందాన్ని పొగడడం ఆమె పాదరక్షలతోనే మొదలవుతుంది.

కానీ అదే బైబిలులో మండుతున్న పొద ముందు మోషే చెప్పులు విడిచాడు. మన వైపు చాలా చర్చిలలో చెప్పులు గడప బయటే వదిలి లోపలికి పోవడం అలవాటు. పెళ్ళి జరిగే కడప చర్చిలో పద్ధతి ఏమిటో బెంగళూరులో కూర్చుని ఊహించుకోకుండా, అక్కడి పాస్టరు అయ్యగారికి నువ్వే ఫోను చేసి అడుగు. విడవాలని ఆయన అంటే వాదించవద్దు. ఆ షూ సాయంత్రం విందుకు వేసుకుందువు గానీ. అయితే ఆ సంగతి ఇప్పుడే తెలియాలి, ఎందుకంటే మడమ ఎత్తుకు సరిపడేలా కట్టిన చీర వట్టి కాళ్ళతో నడిచేటప్పుడు రెండు అంగుళాలు నేల మీద పడి, కాలికి చుట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ పెద్దత్త పెళ్ళి ఫొటో మీ ఇంటి గోడ మీద ఉంది కదా, అందులో ఆమె చీర చీలమండల పైకి ఎందుకు ఉందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఆమెకు కూడా నీలాగే రంగు మీద మనసు పోయింది. పెళ్ళికి ముందురోజు సాయంత్రం కడపలో ఎర్ర మఖమలు షూ కొనుక్కుని వచ్చి, కాగితంలో చుట్టినవి చుట్టినట్టే ఉంచి, తెల్లవారి నేరుగా కాళ్ళకు తొడుక్కుంది. అదీ మే నెలే. దుమ్ము లేవకుండా చర్చి ఆవరణమంతా నీళ్ళు చల్లి ఉంచారు. ఆ తడి మీద నడిచి వచ్చి, ఫ్యాను గాలి అందని ముందు వరుసలో కూర్చుని, ప్రసంగం అయ్యేదాకా చెమటలు కక్కింది. పై నుంచి చెమట, కింద నుంచి తడి. ఆ మఖమలుకు ఇంకేం కావాలి? ప్రార్థనకు మోకరించి లేచేసరికి చీర అంచు చుట్టూ జానెడు మేర ఎరుపు పాకి ఉంది. బయటికి వస్తుంటే, మన వాళ్ళు కాని ఇరుగుపొరుగు అమ్మలక్కలు ఆమె పాదాలు చూసి, మీలో కూడా పారాణి పెడతారా అని నిజంగానే అడిగారు.

అంతటితో ఆగి ఉంటే అదొక నవ్వులాట కథ అయ్యేది. విందుకు ఇంకా రెండు గంటలు ఉందనగా, ఒకావిడ బ్లీచింగు పౌడరు నీళ్ళలో కలిపి తెచ్చింది. నేను అప్పుడు నర్సు ట్రైనింగులో ఉండి సెలవు మీద వచ్చాను. నూలుబట్టల మీది మరకలకు వార్డులో ఆ నీళ్ళే వాడేవాళ్ళం కానీ పట్టుకు అవి పనికిరావు. నేను వద్దంటున్నా వినకుండా అంచు అందులో ముంచారు. ఎరుపు కొంత వదిలిన మాట నిజమే, దాని చోట పసుపురంగు తేలింది, దారం పస పోయి, పిండుతుండగా రెండు చోట్ల చిరిగింది. చివరికి అవ్వ ఆ మరకనంతా లోపలికి మడిచి కుట్టేసింది. చీర పొట్టిదయింది. ఎవరికీ కనపడకూడదని అందరూ తంటాలు పడుతున్న ఆ ఎర్రషూ, మడమ నుంచి వేలి దాకా పూర్తిగా బయటపడ్డాయి. పైగా ఆ రోజుల్లో ఫొటోలు నలుపు తెలుపు కనుక, ఇంత రభస చేసిన ఎరుపు అందులో బూడిదరంగుగా నిలిచింది. మీ పెద్దత్త ఏడ్చింది చీర కోసం కాదు. అవ్వ ఆమెను మగపెళ్ళివారి ఎదుట నిలబెట్టి, రంగులు కోరావు కదా అనుభవించు అన్నందుకు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది కనుకనే, మీ నాయన నిన్ను గట్టిగా మందలించమన్నా నాకు నోరు రావడం లేదు.

అవ్వ తప్పంతా ఎరుపు మీద వేసింది. తప్పు తడిపి చూడకపోవడంలో ఉంది. ముదురు రంగులు వేసిన మఖమలు, స్వెడ్ అనే నూగుతోలు, శాటిన్ లాంటి వాటిలో గుడ్డకు సరిగా పట్టని రంగు కొంత మిగిలి ఉంటుంది. నీరు తగిలినా, ఉప్పటి చెమట తగిలినా అది కదిలి, పక్కన ఏ తెల్లది ఉంటే దాన్ని పట్టుకుంటుంది. కనుక షూ ఇంటికి రాగానే ఒక తెల్ల నూలుగుడ్డ తడిపి పిండి, షూ పైభాగాన్ని, పక్కలను, లోపలి అస్తరును విడివిడిగా గట్టిగా రుద్ది చూడు. పొడిగుడ్డతో మరోసారి రుద్దు. ఏ కొంచెం పచ్చదనం అంటినా ఆ జత వెనక్కి పంపెయ్యి. ఖరీదైనదని, ముద్దుగా ఉందని ఉంచుకోవద్దు. పైన నున్నటి పూత ఉన్న రెక్సిన్ షూకు ఈ బాధ తక్కువ. లోపలి అస్తరు లేత గోధుమరంగులో ఉన్నదాన్ని చూసుకుంటే పాదాలకు కూడా రంగు అంటదు. ఇంత చేసినా ఆ రోజు మరక పడిందే అనుకో, రుద్దవద్దు, వేడినీళ్ళు తగలనివ్వవద్దు. అంచు కింద పొడి తెల్లగుడ్డ పెట్టి, పై నుంచి చల్లటి నీళ్ళలో తడిపిన మరో తెల్లగుడ్డతో అద్దుతూ ఉండమను, తరువాత డ్రైక్లీనింగుకు ఇవ్వు. బ్లీచింగు పౌడరు పేరు ఎవరు ఎత్తినా గదిలోంచి బయటికి పంపించు.

మడమ రెండు అంగుళాలు మించకుండా, వెడల్పుగా ఉండాలి. సూదిమడమలు విందు పెట్టే పచ్చికలో దిగబడతాయి, లోపలేమో నున్నగా పాలిషు పెట్టిన కడప బండల మీద నిలవవు. కొత్త షూ అడుగుభాగాన్ని ఉప్పుకాగితంతో కొద్దిగా గరుకు చేసుకో. పెళ్ళిళ్ళ కాలంలో చీలమండ బెణికి మా వార్డుకు వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది కొత్త చెప్పుల వాళ్ళే. రాళ్ళు, పూసలు, బకిల్సు ఉన్నవి వద్దు, జరీ పోగులు వాటికి చిక్కుకుని లేచిపోతాయి. కొలత సాయంత్రం పూట, నిలబడి, పెద్దదిగా ఉన్న పాదానికి చూసుకో, ఎందుకంటే పొద్దు పోయేసరికి పాదాలు పొంగుతాయి, మే నెలలో మరీను. మెట్టెలు పెట్టుకునేటట్టయితే వేళ్ళ దగ్గర చోటు ఉండాలి. కొన్న తరువాత ఇంట్లో రోజూ సాయంత్రం కాసేపు వేసుకుని తిరుగు, వాటిని ఎండలో ఆపిన కారులో మాత్రం వదలవద్దు, బంక ఊడిపోతుంది.

మోకరించడం ప్రత్యేకంగా అభ్యాసం చేయాలి. అప్పుడు నీ షూ అడుగుభాగాలు వెనక కూర్చున్న సంఘమంతటికీ ఎదురుగా ఉంటాయి. ధర చీటీ పీకడం మరిచిపోయిన పెళ్ళికూతురి షూ ఖరీదు చర్చిలో వెనక బల్ల దాకా తెలిసిపోవడం నేను చూశాను. లేచేటప్పుడు మడమ చీర అంచును తొక్కుతుంది కనుక, తోడి పెళ్ళికూతురు వెనక నుంచి కుచ్చిళ్ళు కొద్దిగా సర్దాలని ముందే చెప్పి ఉంచు. చీరకు ఫాల్ కుట్టించడం, లంగా పొడవు తీయడం, ఇవన్నీ షూ చేతికి వచ్చాక, అవి తొడుక్కుని నిలబడి తీయించుకోవలసిన కొలతలు. టైలరు తొందరపెట్టినా ఈ వరుస మార్చవద్దు.

రంగు గురించి ఒక మాట. చిలకపచ్చలో పసుపుకు మొగ్గేది ఒకటి, నీలానికి మొగ్గేది ఒకటి ఉన్నాయి, ఫోనులో రెండూ ఒకలాగే కనపడతాయి. మీ అమ్మ పంపిన రవికగుడ్డ ముక్క నేను చూశాను, నీ చీర పాలతెలుపు కాదు, కొంచెం మీగడ రంగు; దానికి పసుపు మొగ్గు ఉన్న పచ్చే నప్పుతుంది. ఆ ముక్కను షూ పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడు, గదిలోని లైటు కింద కాదు. చేతిలోని పూలగుత్తిలో ఆకులు ఎలాగూ పచ్చగానే ఉంటాయి కనుక దానికి జతగా మరొకటి వెతకనక్కర్లేదు. పెళ్ళికొడుకుకు చిలకపచ్చ టై కట్టించాలని అనుకుంటున్నావట, ఆ అబ్బాయిని వదిలిపెట్టు.

అయ్యగారు ఏమన్నారో, తడిగుడ్డ రుద్దితే ఏం తేలిందో, గుడ్డ ఫొటోతో సహా వచ్చే ఆదివారం లోపల నాకు తెలియజెయ్యి. షూ వెనక్కి తీసుకునే గడువు దాటితే ఆ డబ్బు పోయినట్టే. రంగు వదిలిందా, దిగులుపడవద్దు, నీ పాదాల గీత కాగితం మీద గీసి పంపు, కడప వై.వి. వీధిలో ఉన్న చెప్పుల దుకాణాలన్నీ నేను తిరుగుతాను, తడిగుడ్డ నా సంచిలోనే ఉంటుంది. మీ నాయనకు మాత్రం అత్త గట్టిగానే తిట్టిందని చెప్పు.

ఇట్లు,
మీ అత్త