బృందం వచ్చేలోపు

అమ్మాయీ,

మీ పులుల అడవిని ఎలా చూసుకుంటున్నారో పరిశీలించే మూల్యాంకన బృందం వస్తోందని నిన్న ఫోన్‌లో చెప్పినప్పుడు నీ గొంతులో టెన్షన్ తెలిసింది. గేటుకు రంగు, కొత్త బోర్డులు అంటున్నావు. వేయించు, తప్పులేదు. ఆ పని మాత్రం ఆఖరున పెట్టుకో.

మన పులుల అభయారణ్యాల్లో ఈ పరిశీలన 2006లో మొదలైంది. దాదాపు నాలుగేళ్లకోసారి జరుగుతుంది. వచ్చేవాళ్లలో రిటైరైన అటవీ అధికారులుంటారు, మనం వేసే వేషాలన్నీ ఎప్పుడో వేసి వచ్చినవాళ్లు. ప్రణాళిక, నిధులు, సిబ్బంది, పని జరిగే తీరు అడుగుతారు. వాటికి నీ బీరువాలో ఫైళ్లుంటాయి. చివరికి ఫలితం అడుగుతారు. చిక్కంతా అక్కడే. రాజస్థాన్‌లోని సరిస్కా అభయారణ్యంలో పులే మిగల్లేదని 2005లో బయటపడేదాకా కాగితాల మీద పులులు తిరుగుతూనే ఉన్నాయి.

నా సంగతే చెప్తా. ఒక అటవీ రేంజిలో పనిచేస్తుండగా ఎండాకాలం జంతువుల నీటి తొట్లకు ఎన్ని ట్యాంకర్లు తోలామో రిజిస్టర్లో పక్కాగా రాయించేవాణ్ణి. ఒకరోజు మా చెంచు వాచర్ మెల్లిగా, "నీళ్లున్నయి సార్, అడుగులే లేవు" అన్నాడు. వెళ్లి చూస్తే నిజమే. ట్యాంకర్ తిరగడానికి వీలుగా ఉంటుందని తొట్లన్నీ బండిబాట పక్కనే కట్టించాం. ఆ రద్దీలోకి దుప్పి ఎందుకొస్తుంది? రెండేళ్ల రిజిస్టర్ చూసుకుంటే సిగ్గేసింది. ఆ రోజే ట్రిప్పుల గడి పక్కన ఇంకో గడి గీయించాను: పొద్దున్నే ఏ జాడలు కనబడ్డాయి? రెండు వారాలు ఖాళీగా ఉంటే తొట్టి చోటు మార్చాల్సిందే.

నువ్వూ ఆ గడి గీయించు. మంట పాకకుండా గడ్డి తీసేసే ఫైర్ లైన్లకూ అంతే. ఎన్ని కిలోమీటర్లు చేశామన్నది ఒక లెక్క, మంట ఎక్కడ ఆగిందన్నది ఇంకో లెక్క.

రోళ్లపాడు గుర్తుందా? బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. కృష్ణజింకలు బాగా పెరిగాయి, పిట్ట కనబడకుండా పోయింది. అది కంచె లోపలి గడ్డితోనే బతకదు, చుట్టుపక్కల మెట్టపొలాల్లోనూ తిరుగుతుంది. ఆ పొలాలు మారిపోయాయి. కాబట్టి నీ హద్దు దాటి కూడా రాయి. పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, వాళ్లు ఏమంటున్నారో, శ్రీశైలం రోడ్డు మీద ఏ మలుపులో జంతువులు బండ్ల కింద పడుతున్నాయో రాసిపెట్టు.

వాచర్లకు జీతం ఆలస్యమైతే ఎన్ని నెలలో ఉన్నదున్నట్టు రాయి. పై ఆఫీసు ముఖం చిట్లించుకోవచ్చు, చిట్లించుకోనీ. బృందం రిపోర్టులో ఆ ముక్క పడిందంటే రేపు నిధులు అడగడానికి నీ చేతికి ఆధారం దొరికినట్టే.

వాళ్లొచ్చిన రోజు నువ్వు కాస్త వెనక నడు. బేస్ క్యాంపులో వాచర్‌నే మాట్లాడనివ్వు. ముందే అతనికి పాఠం అప్పజెప్పించకు, ఇట్టే దొరికిపోతారు.

వచ్చే నెల మన్ననూరు వస్తాను. అప్పుడు ఆ కొత్త గడి చూపించు.

మీ పెదనాన్న