ఎంఓఎఫ్ పొడి అంత వాయువును ఎలా పట్టుకుంటుంది?

ఎంఓఎఫ్ అనే రంధ్రాల పదార్థం ఒక గ్రాము పొడిలో ఫుట్‌బాల్ మైదానమంత ఉపరితల వైశాల్యం ఎలా ఉంటుందన్నది ప్రశ్న. వినడానికి కోతల్లా ఉంటుంది కానీ నిజమే.

ఈ పొడి వాయువును పట్టే తీరును అధిశోషణ అంటారు. ఇందులో వాయు అణువులు పదార్థం లోపల కరగవు, ఉపరితలానికి అంటుకుంటాయి, అంతే. కాబట్టి ఉపరితలం ఎంతుంటే పట్టు అంత. ఎంఓఎఫ్ అంటే లోహ-కర్బన చట్రం. కొత్త బిల్డింగ్ చుట్టూ కట్టే వెదురు కర్రల చట్రం గుర్తుందా? కర్రలు, ముడులు, మిగతాదంతా ఖాళీ. రసాయన శాస్త్రవేత్త ఒమర్ యాఘీ బృందం 1999లో ప్రకటించిన ఎంఓఎఫ్-5లో ముడులు జింక్ ఆక్సైడ్ గుత్తులు. కర్రలేమో టెరెఫ్తాలిక్ ఆమ్లానివి, అంటే మన నీళ్ల సీసాల ప్లాస్టిక్ తయారీలో వాడేదే! గోడ మందం ఒక్క అణువంతే కాబట్టి దాదాపు ప్రతి పరమాణువూ బయటికే ఉంటుంది. ఎన్‌యూ-110 అనే రకంలో ఉపరితల వైశాల్యం గ్రాముకు 7,000 చదరపు మీటర్లు దాటింది. యాక్టివేటెడ్ కార్బన్‌లో మామూలుగా 1,000కి అటూ ఇటూ.

అయితే తయారవగానే రంధ్రాల నిండా ద్రావణి, అంటే తయారీలో వాడిన ద్రవం ఉంటుంది. వేడిచేసి, వాక్యూమ్‌తో లాగేయాలి. రాగితో చేసే హెచ్‌కస్ట్-1 అనే ఎంఓఎఫ్‌లో ఇది కంటికే కనిపిస్తుంది: లేత నీలం పొడి ముదురు ఊదా నీలంగా మారుతుంది. మూత తీసి ఉంచితే గాలిలో తేమ పీల్చి మళ్లీ పాత రంగుకొస్తుంది.

2025 రసాయన నోబెల్ కిటగావా, రాబ్సన్, యాఘీలకు వచ్చింది ఈ ఎంఓఎఫ్‌లకే. కానీ వైశాల్యం ఒక్కటే చూసి మురిసిపోకండి. ఎంఓఎఫ్-5 తేమ తగిలితే పాడవుతుంది. అల్యూమినియంతో చేసిన ఎంఓఎఫ్-303 వైశాల్యంలో చిన్నదే, అయినా ఎడారి గాలి నుంచి నీళ్లు పట్టి, కాస్త వేడిచేస్తే వదిలేస్తుంది.