ముగ్గురూ ఎదుటివాళ్ల పేరు మీదే అడుగుతున్నారు

ప్రశ్న: మేం హన్మకొండ సుబేదారిలో తొమ్మిదేళ్లుగా అద్దెకుంటున్నాం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మావారు కాజీపేట నుంచి రోజూ ట్రైన్‌లో సికింద్రాబాద్ వెళ్లి వస్తారు. పాప తొమ్మిదో తరగతి, బాబు ఐదు. 65 లక్షల్లోపు సొంతిల్లు కొనాలనుకున్నాం. అందులో పది లక్షలు మా నాన్న పొలం అమ్మి నాకిచ్చినవి. మావారు భీమారం దాటాక ఒక వెంచర్‌లో 150 గజాల కొత్త ఇల్లు చూశారు. పిల్లల చదువులకు బాగుంటుందని, ఈ నెలలోనే టోకెన్ ఇచ్చేద్దామని అంటున్నారు. మా దగ్గరే ఉండే అత్తమ్మ నలభై ఏళ్లు కరీమాబాద్‌లో కాపురం చేసిన మనిషి. కొంటే అక్కడే కొనాలట, ఆడబిడ్డ పక్కనే ఉంటే నాకు సాయంగా ఉంటుందట. ఆయన ట్రైన్‌కు దగ్గరని నేను సోమిడి వైపు చూద్దామన్నాను. మా తల్లిగారిల్లు మడికొండ. దాంతో మావారు ‘నీకు మీ అమ్మ దగ్గర కావాలె, అంతే’ అన్నారు. మూడు నెలలుగా ఇంట్లో సరిగా మాటల్లేవు. ఎవరి మాట వినాలి?
– ఒక సోదరి, హన్మకొండ

జవాబు: ఈ నెల టోకెన్ మాత్రం ఇవ్వకండి. ‘ఇంకో పార్టీ రెడీగా ఉంది’ అని ఏజెంట్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా సరే. ఆ ఇంకో పార్టీ మన వరంగల్‌లో అమ్మకానికున్న ప్రతి ఇంటికీ ఉంటుంది.

మీ ఉత్తరంలో నాకు ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది. మీవారు పిల్లల కోసమంటున్నారు. అత్తమ్మ మీ కోసమంటోంది. మీరేమో ఆయన ట్రైన్ కోసమంటున్నారు. తనకు ఏం కావాలో తన పేరు మీద అడిగినవాళ్లు ఇంట్లో ఒక్కరూ లేరు. అందుకే ఎవరి మాటా ఎవరూ నమ్మట్లేదు.

ముందు మీరే మొదలుపెట్టండి. మడికొండ దగ్గర కావాలన్న కోరిక మీకు ఉంది కదా? ఉంటే తప్పేంటి? అమ్మానాన్నలకు వయసు మీద పడుతుంటే పదిహేను నిమిషాల్లో వెళ్లి చూసి రావాలని ఏ కూతురికైనా ఉంటుంది. దాన్ని ట్రైన్ వెనక దాచారు, ఆయన కనిపెట్టేశారు, మీకు కోపం వచ్చింది. ‘అవును, నాకు మా అమ్మ దగ్గర కావాలి. మీకేం కావాలో మీరూ చెప్పండి’ అని ఒక్కసారి అనండి. బహుశా ఆయనకు కావాల్సింది కొత్త ఇల్లు, తూర్పు గుమ్మం, బండి పెట్టుకునే జాగా. తొమ్మిదేళ్లు అద్దెల్లో ఓనర్ల మాటలు పడ్డ మనిషికి గోడల కొత్త సున్నం వాసన ఎంత తీపో నాకు తెలుసు.

అత్తమ్మ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మేం ఇరవై ఏళ్ల కిందట ఊరి చివర ఇల్లు కొన్నాం. రోడ్డొస్తుందన్నారు, ధర తక్కువన్నారు. దిగిన రెండో వారం నుంచి మా అత్తగారు పొద్దున పది కాగానే గిన్నెలో చిక్కుడుకాయలు వేసుకుని బస్టాపుకు వెళ్లి కూర్చునేది. అక్కడే ఈనెలు తీసేది. ఎక్కడికి పోవాలమ్మా అని కండక్టర్ అడిగితే ‘ఎక్కడికీ లేదు బిడ్డా’ అనేదట. మా వీధిలో అప్పటికి మూడే ఇళ్లు, మూడింటికీ పగలు తాళాలే. కోతుల గుంపు దిగితే తలుపులు బిగించుకుని లోపల కూర్చోవాలి. ఆరు నెలలు అలా గడిచాక గానీ నాకు సంగతి అర్థం కాలేదు.

మీ ఇంట్లో పగలంతా ఉండేది అత్తమ్మ ఒక్కతే. కాబట్టి ఆమెకు కావాల్సింది కరీమాబాదేనా, కూతురా, లేక అరుగు మీద కూర్చుంటే పలకరించే నలుగురా అని విడివిడిగా అడగండి. బతుకమ్మ నాడు ఉర్సు గుట్ట దగ్గర అంతమంది తెలిసినవాళ్ల మధ్య ఆడిన మనిషిని, ఎవరూ తెలియని వెంచర్‌లో దింపి ‘పార్కుంది కదా’ అంటే కాదు. నలుగురు ఆడవాళ్లున్న వాడకట్టు దొరికితే ఆమె భీమారమైనా సోమిడైనా ఒప్పుకోవచ్చు.

ఇక ట్రైన్. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. రానూ పోనూ ఆయన జీవితంలో రోజుకు నాలుగైదు గంటలు పట్టాల మీదే పోతున్నాయి. ఇంటి నుంచి స్టేషన్‌కు ఇంకో అరగంట కలిస్తే, అది ఆయన నిద్రలోంచి పోతుంది. కానీ మీరంతా కాజీపేట ఒక్కదాన్నే లెక్కేస్తున్నారు. విజయవాడ వైపు నుంచి వచ్చే బండ్లు చాలావరకు వరంగల్ స్టేషన్‌లోనూ ఆగుతాయి, కరీమాబాద్‌కు అదే దగ్గర. పెద్దపల్లి మీదుగా వచ్చే భాగ్యనగర్ లాంటివి మాత్రం వరంగల్ రావు, కాజీపేటలోనే ఎక్కాలి. ఆయన రోజూ ఎక్కేది ఏ బండో దాన్నిబట్టి కరీమాబాద్ అనుకున్నంత దూరం కాకపోవచ్చు. కాకపోతే అటు నుంచి స్టేషన్ ముందు వైపుకు రావాలంటే పట్టాల కింది అండర్ బ్రిడ్జి దాటాలి. గట్టి వాన పడితే అక్కడ ఏమవుతుందో మీ ఆడబిడ్డకే బాగా తెలుసు, అడగండి.

వాన అంటే గుర్తొచ్చింది. 2023 జులై చివర్లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడిన రోజులు మీరూ చూసే ఉంటారు. హంటర్ రోడ్డు కాలనీల్లో జనం మిద్దెలెక్కారు. నయీంనగర్ నాలా 2020లోనూ పొంగింది, 2023లోనూ పొంగింది. 2024లో పాత వంతెన కూలగొట్టి కొత్తది కట్టారు, నాలా వెడల్పు చేశారు. భీమారం నుంచి మీ స్కూలుకు రావాలన్నా, పాప ట్యూషన్‌కు రావాలన్నా ఆ దారే. అందుకని చూసిన ఇంటి సంగతి ఓనర్‌ను అడగొద్దు, మూల మీది కిరాణా కొట్టావిడను అడగండి. ‘ఆ ఏడు నీళ్లు ఎంతదాకా వచ్చినయ్?’ అంటే ఆమె బియ్యం బస్తాల వైపో, కూల్‌డ్రింక్ ఫ్రిజ్ వైపో చెయ్యి చూపిస్తుంది. అంతకంటే నిజమైన కాగితం ఏదీ లేదు.

మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో అనుమతి వచ్చిందని అటువైపు, అయోధ్యాపురం రైల్వే ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన అయిందని మడికొండ వైపు ధరలు చెప్తారు. మీరు ఉండటానికి కొంటున్నారు, అమ్మడానికి కాదు. మీ అత్తమ్మ విమానం ఎక్కేది లేదు. ఆ మాటలకు గజానికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

కాగితాల గురించి క్లుప్తంగా చెప్తాను. ఇంటి నంబరు, కరెంటు మీటరు, నల్లా ఉన్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. లేఅవుట్‌కు ‘కుడా’ (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, లేకపోతే ఆ ప్లాటుకు ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని ప్లాట్ల క్రమబద్ధీకరణ) అయిందా, ఇంటి ప్లాన్ పాసయిందా, పాత అమ్మకాలు, తాకట్లు చూపించే ముప్పై ఏళ్ల ఈసీలో ఏముంది, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత ఓనర్ల దస్తావేజులు, తెగకుండా ఉన్నాయా అని మీ సొంత లాయర్‌తో చూపించండి. ఏజెంట్ తెచ్చిన లాయర్ వద్దు. చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు, ఎక్కడుందో చూడాలి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ గీత నుంచి ఇంకో 30 మీటర్లు బఫర్, అక్కడా కట్టకూడదు. రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం పోతుంది. 40 లక్షలకు రాసుకున్నా మూడు లక్షలు. అది మీ 65లో ఉందా లేదా?

మీ పది లక్షల దగ్గరికొద్దాం. మీరు దాన్ని ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు. నేను దాటెయ్యను. అది మీ నాన్న పొలం. డాక్యుమెంట్‌లో మీ ఇద్దరి పేర్లూ ఉండాలి. ఆ డబ్బు మీ ఖాతా నుంచి నేరుగా అమ్మేవాళ్ల ఖాతాకు పోవాలి, మీవారి చేతికి నగదుగా కాదు. ఇది అనుమానం కాదు. మొగుడు మంచోడైనా కాగితం కాగితమే. ఈ మాట ఇల్లు ఖాయం కాకముందే అనండి, రిజిస్ట్రేషన్ ఆఫీసు బెంచీ మీద కూర్చుని అంటే గొడవైపోతుంది. ‘అమ్మాయికి రేపు అక్కరకొస్తుంది’ లాంటి సాకు మాత్రం వెతక్కండి. ‘నా డబ్బు ఉంది, నా పేరు ఉండాలి’ అంటే చాలు.

ఎవరి మాట వినాలని అడిగారు కాబట్టి నా మొగ్గు చెప్తాను. మీవారు కాజీపేటలోనే బండి ఎక్కుతారంటే, సోమిడి వైపు పాత ఇళ్ల మధ్య, మనుషులున్న సందులో రెండో చేతి ఇల్లు చూడండి. కొత్తదానంత అందంగా ఉండదు, సున్నాలకు కొంత అవుతుంది, మీవారు కొంచెం మూతి ముడుస్తారు. అత్తమ్మకు నెలకు నాలుగు రోజులు కూతురి ఇల్లు అని ముందే మాటిచ్చి, ఆటో ఖర్చు ఇంటి లెక్కలో రాయండి.

పాప గురించి మీరు రాసింది ఒకే మాట, తొమ్మిదో తరగతి అని. వచ్చే ఏడు పది. ఎక్కడ కొన్నా పరీక్షలయ్యేదాకా స్కూలు మార్చకండి. రాత్రి ఎనిమిదింటికి ట్యూషన్ నుంచి ఏ రోడ్డున నడిచి రావాలో ఆ పిల్లనే తీసుకెళ్లి నడిపించి చూడండి. వీధి దీపాలు అమ్మేవాళ్లు చెప్పినన్ని ఉండవు.

ఏజెంట్ మళ్లీ ఫోన్ చేస్తే, ఒక పెద్ద వాన పడ్డ మర్నాడు వస్తామని చెప్పండి. ఆ రోజు అత్తమ్మను కూడా తీసుకెళ్లండి. ఆటోలో మూల సీటు ఆమెకివ్వండి, వాడకట్టు కనిపించాలి.