‘చేపల చదువు’ అని చిన్నచూపు వద్దు

ప్రశ్న: మా అమ్మాయి జువాలజీతో డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. పీజీలో చేపల చదువు చదివి, పోషకాహారం మీద పరిశోధన చేస్తానంటోంది. పర్యావరణానికి చేటు లేకుండా వ్యాపారం నడపడం నేర్పే సస్టైనబిలిటీ మేనేజ్‌మెంట్‌లో ఏడాది మాస్టర్స్ చేస్తే కార్పొరేట్ ఉద్యోగం ఖాయమని తెలిసినవాళ్లు అంటున్నారు. రెండింటినీ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: పోల్చే ముందు ఒక్క మాట. మీకు నచ్చిన కోర్సుకు పూర్తి పేరు రాశారు. అమ్మాయి కోరుకున్నదాన్ని మాత్రం ‘చేపల చదువు’ అని తేల్చేశారు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. పైకి అడిగేది ఉద్యోగం గురించే, లోపల ఉన్నది మాత్రం ‘అమ్మాయి ఏం చదువుతోందని నలుగురూ అడిగితే ఏం చెప్పాలి’ అన్న బెంగ. ఆ బెంగ మీది. దాన్ని పిల్ల నెత్తిన పెట్టకండి.

ఏం చెప్పాలో నేను చెబుతాను. శకుంతలా థిల్‌స్టెడ్ గురించి చెప్పండి. ట్రినిడాడ్‌లో పుట్టిన ఈ శాస్త్రవేత్త బంగ్లాదేశ్‌లో పోషకాహార లోపమున్న పిల్లల మధ్య పనిచేశారు. చిన్నచేపలు కంటికి మంచివని అక్కడి ఆడవాళ్లు చెప్పే మాటను కొట్టిపారేయకుండా ప్రయోగశాలలో పరీక్షించారు. మోలా అనే వేలెడంత చేపలో విటమిన్ ఎ మెండుగా ఉందని, అదీ ఎక్కువగా దాని కళ్లలోనే ఉందని తేలింది. తల తీసి పారేస్తే అసలు సరుకు పారేసినట్టే! అప్పటిదాకా పెద్ద చేపల కోసం చెరువు సిద్ధం చేసేటప్పుడు ఇలాంటి చిన్నచేపల్ని కలుపులా చూసి, మందు పోసి చంపేవారు. రెండింటినీ కలిపి పెంచినా పెద్ద చేపల దిగుబడి తగ్గదని ఆమె బృందం చూపించింది. 2021లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఆమెను వరించింది. మీ అమ్మాయి పోషకాహారం అన్నది ఊరికే అన్న మాట కాకపోవచ్చు, అడిగి చూడండి.

భవిష్యత్తు సంగతంటారా, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల ప్రకారం 2022లో తొలిసారిగా పెంపకంలో వచ్చిన జలచరాలు వేటలో దొరికినవాటిని మించిపోయాయి. 9.44 కోట్ల టన్నులు, అంటే మొత్తంలో 51 శాతం. ఇంకోపక్క, శాస్త్రవేత్తలు లెక్కగట్టిన సముద్ర చేపల నిల్వల్లో మూడో వంతుకు పైగా మితిమీరిన వేటతో తరిగిపోయాయి. ఇకమీదట కావలసింది పెంచుకోవాలి, పట్టింది పాడవకుండా కాపాడుకోవాలి. మేత తెలిసినవాళ్లు, జబ్బులు తెలిసినవాళ్లు, ప్రాసెసింగ్‌లో నాణ్యత చూసేవాళ్లు లేకుండా ఈ పని జరగదు.

ఇక ఆ ఏడాది కోర్సు. నాకు దాని మీద గట్టి అనుమానాలే ఉన్నాయి. నిరుడు అలాంటి కోర్సే చేసిన ఒకబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. ఆక్వా కంపెనీలో పర్యావరణ నివేదికలు రాసే ఉద్యోగం. ఓ తెల్లవారుజామున చెరువు దగ్గరికి వెళితే చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయట. ఆకలేమో, మేత వేయండన్నాడట. గట్టు మీదున్న పెద్దాయన ఆపి, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు వేయించాడు. రాత్రంతా వెలుతురు ఉండదు కాబట్టి నీటిలో తేలే ప్లాంక్టన్ అనే సూక్ష్మమైన నాచు ఆక్సిజన్ ఇవ్వకపోగా, ఉన్నదాన్ని అదీ పీల్చేస్తుంది. తెల్లవారేసరికి చేపలకు ఊపిరాడదు. కుర్రాడు తెలివైనవాడే. ఈ సంగతి అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే. ‘నేను రాసే నివేదికల్లో ఏది నిజమో నాకే తెలియడం లేదు సార్’ అన్నప్పుడు అతని మొహం చూడలేకపోయాను.

సస్టైనబుల్ అన్న ముద్ర వేయడం తేలిక. ఆ చేపకు ఏం మేపారో అడిగితేనే అసలు విషయం బయటపడుతుంది. మాంసాహార చేపల్ని పెంచాలంటే మేతలో చేపపొడి కలుపుతారు. దానికోసం మనుషులు తినదగిన చిన్నచేపల్నీ పట్టి పొడి చేస్తారు. ఆల్చిప్పలకు, సముద్రపు నాచుకు మనం మేత వేయనక్కర్లేదు. ఈ తేడా పట్టుకోగలిగినవాళ్ల సంతకానికే విలువ.

పోలిక అడిగారు కదా. ఆ కోర్సుతో మొదటి ఉద్యోగం త్వరగా రావొచ్చు. అమ్మాయి దారిలో బురద ఉంటుంది, చేపపిల్లల్ని పుట్టించే హేచరీలో రాత్రి డ్యూటీలుంటాయి, పరిశోధన అంటే ఏళ్లు పడుతుంది, మొదట్లో జీతం మీరు అనుకున్నంత ఉండకపోవచ్చు. ఇవేవీ దాచను. కానీ సైన్స్ చదివినవాళ్లు తర్వాత మేనేజ్‌మెంట్ నేర్చుకోవడం నేను చాలాసార్లు చూశాను. మేనేజ్‌మెంట్ చదివి ముప్పైల్లో చేప జబ్బులు నేర్చుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

భయపడకండి. ఏం కావాలో తెలిసిన పిల్ల మీది. అలాంటివాళ్లు నా దగ్గరికి వచ్చేదే తక్కువ. సెలవుల్లో ఒక నెల హేచరీలోనో, చేపల ప్రాసెసింగ్ ల్యాబ్‌లోనో పని నేర్చుకోనివ్వండి. మీరూ ఒకరోజు తెల్లవారకముందే లేచి ఆమె వెంట వెళ్లండి. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీటర్ ముంచి, రీడింగ్ రాసుకుని, ఏరేటర్ వేయాలో వద్దో ఆమె చెబుతుంటే పక్కన నిలబడి వినండి. కోర్సు ఫీజుల గురించి ఆ తర్వాత నాకు రాయండి.