కువైట్ రిపోర్టులో షుగర్ 6.8 అంటే తక్కువేమీ కాదు అక్కా

అక్కా, మీ ఆయనకు కువైట్‌లో పరగడుపున చేసిన పరీక్షలో షుగర్ 6.8, కొలెస్ట్రాల్ 5.2 వచ్చాయని, మన దగ్గర 100, 200 అంటారు కదా, ఇంతగా పడిపోయాయేంటని అడిగారు. పడిపోలేదు. అక్కడి ల్యాబ్ వేరే యూనిట్‌లో రాసింది.

మాది ప్రొద్దుటూరు. మా తమ్ముడు కూడా కువైట్‌లోనే డ్రైవర్. రెండేళ్ల కిందట ఫోన్‌లో అంకెలు చదివాడు: క్రియాటినిన్ 92, షుగర్ 9.4. ఇక్కడ మా నాన్నకు క్రియాటినిన్ 1.1 ఉంటుంది. 92 అనేసరికి తమ్ముడి కిడ్నీలు పోయాయనుకున్నాం. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. షుగర్ తొమ్మిదే కదా అని దాని ఊసే ఎత్తలేదు.

మూడో రోజు రిపోర్టు ఫోటో తెప్పించుకుని మా వీధిలోని ల్యాబ్‌కు వెళ్లాను. టెక్నీషియన్ అంకెల పక్కనున్న చిన్న అక్షరాలు చూపించాడు. క్రియాటినిన్ లీటరుకు మైక్రోమోల్స్‌లో ఉంది. 88.4తో భాగిస్తే 1.04, నార్మలే. షుగర్ మిల్లీమోల్స్‌లో ఉంది. 18తో గుణిస్తే 169, అదీ పరగడుపున! మేం వదిలేసిన అంకే అసలు జబ్బు.

మన ల్యాబులు డెసిలీటరుకు, అంటే 100 మిల్లీలీటర్లకు, ఎన్ని మిల్లీగ్రాములో బరువు చెబుతాయి. మిల్లీమోల్స్ అంటే లీటరులో ఎన్ని అణువులున్నాయనే లెక్క. ఒక్కో పదార్థం అణువు బరువు ఒక్కోలా ఉంటుంది కాబట్టి, గుణించే అంకె కూడా మారుతుంది. 18 గ్లూకోజ్‌కు మాత్రమే. కొలెస్ట్రాల్‌కు 38.7, ట్రైగ్లిజరైడ్స్‌కు 88.6. మీ 5.2ను 18తో గుణిస్తే 94 వచ్చి ఎంతో బాగుందనిపిస్తుంది. నిజానికి అది 201.

ఇక మీ ఆయన షుగర్ 122 అవుతుంది. పరగడుపున 100 లోపు నార్మల్, 126 నుంచి డయాబెటిస్. ఆయనది మధ్యలో, బార్డర్‌లో ఉంది. టెన్షన్ పడొద్దు, అలాగని వదిలేయొద్దు. డాక్టర్ హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించమంటారేమో. దాంట్లోనూ యూనిట్ చూడండి, కొన్నిచోట్ల 6.5 శాతానికి బదులు 48 అని రాస్తారు. ప్లేట్‌లెట్లు 180 అని ఉంటే అవి వేలల్లో, మనం చెప్పుకునే 1.8 లక్షలే.

ఫోన్‌లో అంకెలు చదివించుకోకండి. యూనిట్, నార్మల్ రేంజ్ రెండూ కనబడేలా కాగితం మొత్తం ఫోటో పంపమనండి, అదే డాక్టర్‌కు చూపించండి.