అల్లునికి: లాన్ వైరుతో దీపాలు కట్టే ముందు

చిరంజీవి అల్లునికి ఆశీస్సులు. అక్కకు, బావగారికి నమస్కారాలు చెప్పు.

దీపావళికి ఇంటి ముందు లైట్లు పాటకు తగ్గట్టు ఆడాలని కంట్రోలర్ పెట్టెలు నాలుగు తెప్పించావని విని చాలా సంతోషం వేసింది. గోడకు బిగించక ముందే ఈ ఉత్తరం చదువు. నల్గొండ చుట్టుపక్కల పెళ్లిళ్లకు, జాతరలకు లైటింగ్ కట్టిస్తూ నేను చూసింది ఏమిటంటే, బల్బులు పెట్టే ఇబ్బంది తక్కువ. పెట్టె నుంచి పెట్టెకు పోయే ఆ సన్న లాన్ వైరే, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్‌కు వాడే ఎనిమిది తీగల వైరే, రాత్రంతా నిద్ర లేకుండా చేస్తుంది.

నువ్వు పంపిన ఫోటోలో మూడు పెట్టెల మీద డీఎంఎక్స్ అని ఉంది, అది లైట్లకు ఆజ్ఞలు పంపే సిగ్నల్ పద్ధతి. ఇన్, అవుట్ అని రెండేసి సాకెట్లున్నాయి. నాలుగోది పిక్సెల్ పెట్టె, అంటే ఒక్కో బల్బు రంగును విడిగా మార్చేది, దానికి ఈథర్నెట్, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ సాకెట్. సాకెట్లన్నీ చూడటానికి ఒక్కటే, లోపల నడిచే సిగ్నల్ మాత్రం వేరు. డీఎంఎక్స్ వైరును పొరపాటున కూడా రూటర్‌కో, లాప్‌టాప్ నెట్‌వర్క్ సాకెట్‌కో గుచ్చకు. కొన్ని పెట్టెలు అదే వైరులో డీసీ కరెంటు కూడా పంపుతాయి, లాప్‌టాప్ పోర్టు కాలిపోతుంది. అందుకే డీఎంఎక్స్ వైర్ల రెండు చివర్లా ఎర్ర టేపు చుట్టు. చీకట్లో, తొందరలో, పిల్లలు చుట్టూ తిరుగుతుంటే ఆ టేపే నిన్ను కాపాడుతుంది.

ఆ మూడు పెట్టెలనూ వరుసగా కలపాలి. లాప్‌టాప్‌కు పెట్టిన యూఎస్‌బీ అడాప్టర్ నుంచి గేటు పెట్టెకు, దాని అవుట్ నుంచి బాల్కనీకి, అక్కడి నుంచి డాబా మీదికి. మధ్యలో వైరును చీల్చి రెండు దిక్కులకు పంపొద్దు. చివరి పెట్టెలో సిగ్నల్ మోసే డేటా తీగలు రెండింటి మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టు. అది లేకపోతే సిగ్నల్ చివరిదాకా వెళ్లి వెనక్కి కొడుతుంది, బల్బులు వాటంతట అవే మినుకుమంటాయి. దానికోసం పెట్టెను తప్పుపట్టి మార్చినవాళ్లను చూశాను. లైట్లను విడివిడిగా నడిపే ఒక్కో దారిని చానల్ అంటారు. ప్రతి పెట్టెకూ మొదటి చానల్ నంబరు వేరుగా పెట్టడం మర్చిపోకు, ఒకే నంబరు పెడితే రెండూ ఒకేలా ఆడతాయి.

పిక్సెల్ పెట్టెకు రూటర్ నుంచి నేరుగా వేరే వైరు లాగు. ఆ వైరు 100 మీటర్లు దాటకూడదు, మీ ఇంటికి ఆ బాధ లేదు. చానళ్ల కట్టను యూనివర్స్ అంటారు. ఒక యూనివర్స్‌లో 512 చానళ్లు, రంగు బల్బు ఒక్కోటి మూడు చానళ్లు తీసుకుంటుంది. అంటే 170 బల్బులు. నీవి 200 కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో రెండు యూనివర్స్‌లు పెట్టు. వైఫై మీద ఆధారపడకు.

ఇక క్రింపింగ్, అంటే వైరు చివర కనెక్టర్ బిగించడం. ఇది నువ్వే నేర్చుకోవాలి, ఇంకొకరికి వదలొద్దు. తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం, తెల్లనీలం, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ, రెండు చివర్లా ఇదే వరుస. చాలామంది రంగు పక్కన రంగు చక్కగా పెట్టేస్తారు, పచ్చ జంట 3, 4 పిన్నుల్లో, నీలం జంట 5, 6లో. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరుసగా వెలుగుతాయి, అంతా బాగుందనుకుంటారు. కానీ ఒకదానికొకటి మెలితిరిగి ఉండాల్సిన రెండు తీగలు విడిపోయాయి. బయటి గోలను ఆపేది ఆ మెలికే. రెండు మీటర్ల ముక్కలో ఏమీ తెలియదు. పిక్సెల్ పెట్టెకు 30 మీటర్లు లాగాక, పక్కన మోటర్ ఆన్ అయినప్పుడు లైట్లు పిచ్చెక్కినట్టు ఆడతాయి. అప్పుడు తప్పు ఎక్కడుందో పట్టుకోవడం మహా కష్టం.

వైరు కొనేటప్పుడు ఒక తీగను బ్లేడుతో గీకి చూడు. లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం మీద రాగి పూత, అది వద్దు. అసలు రాగిదే తీసుకో. హైదరాబాద్ వెళ్తే కోఠి గుజరాతీ గల్లీలో కనెక్టర్లు, బల్బులకు డీసీ కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌లు అన్నీ ఒకేచోట దొరుకుతాయి.

ఈ వైర్లను 230 వోల్టుల వైర్లతో ఒకే పైపులో పంపకు. లాన్ వైరులో 230 వోల్టులు పంపే పని అసలే వద్దు, ప్రాణం మీదికి వస్తుంది. బయటి లైన్ మొత్తానికి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే స్విచ్, సరైన ఎర్తింగ్ ఉండాలి. బావగారు ఖర్చెందుకంటే నా పేరు చెప్పు, నేను మాట్లాడతాను.

దీపావళి నాటికి ఒకోసారి వాన ఉంటుంది. పెట్టెలోకి వైరు కింది నుంచే వెళ్లాలి, వెళ్లే ముందు కాస్త కిందికి వేలాడేలా లూపు వదిలితే నీళ్లు అక్కడే కారిపోతాయి. డాబా మీద కోతుల సంగతి నీకు తెలుసు. వేలాడే వైరు కనబడితే లాగకుండా ఉండవు, అందుకని అక్కడ మొత్తం పీవీసీ పైపులోనే వేయి.

పిక్సెల్ బల్బులు అన్నీ తెల్లగా వెలిగించి చివరి బల్బును చూడు. అది ఎర్రగా మారితే డేటాకు సంబంధం లేదు, అక్కడిదాకా వోల్టేజీ చేరడం లేదు, మధ్యలో ఇంకోచోట కరెంటు ఇవ్వాలి. రెండు ఎస్‌ఎంపీఎస్‌ల మైనస్‌లు కలపొచ్చు, ప్లస్‌లు మాత్రం కలపకు.

గోడ ఎక్కే ముందు అన్నీ హాల్లో నేల మీద పరిచి ఒక రాత్రంతా ఆడించు. బిగించాక, కరెంటు ఆపి, అడాప్టర్ తీసేసి, మొదటి వైరు చివర డేటా తీగలు రెండింటి మధ్య మల్టీమీటర్ పెట్టు. 120 ఓమ్‌లకు దగ్గర్లో చూపిస్తే వరుస బాగున్నట్టు. ఏమీ చూపకపోతే ఎక్కడో తెగింది, సగం నుంచి విడదీసి వెతుకు. డేటా తీగలు ఏ పిన్నుల్లో ఉన్నాయో పెట్టెతో వచ్చిన కాగితంలో ఉంటుంది, ఎక్కువగా 1, 2. ఆ రీడింగు ఫోటో తీసి నాకు పంపు, తర్వాతే స్విచ్ వేయి.

మీ మామ